నల్లమల దాటి మిడుతూరుకు

నల్లమల కొండలకు తూర్పున దోర్నాల, మార్కాపురం, గిద్దలూరు. పడమర ఆత్మకూరు, నందికొట్కూరు, నంద్యాల. నడుమ అడవి. ఈ అడవికి అటూ ఇటూ పిల్లనివ్వడం, పిల్లను తెచ్చుకోవడం తరాలుగా ఉన్నదే. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం కాబట్టి, కోడలిది కొండకు తూర్పువైపు ఊరైతే, పడమటివైపు నందికొట్కూరు దగ్గరి మిడుతూరులో ఉండే తాత, జేజి తమ మనవణ్ణో మనవరాలినో మొదటిసారి చూసేది అక్కడే. చూసి తిరిగి రావాలంటే నల్లమల ఎక్కి దిగాలి. పల్లె నుంచి పల్లెకు జరిగే ఈ చుట్టరికపు ప్రయాణం, నిజానికి రాయలసీమలోని మంచి కొండదారుల్లో ఒకదాని మీద సాగుతుంది.

ఇప్పుడు కొండకు రెండు వైపులా జిల్లాలు వేరు. పూర్వం కావు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కర్నూలు జిల్లా నుంచి తీసి అందులో కలిపారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. అంతకుముందు నల్లమల కర్నూలు జిల్లా లోపలి కొండ. మార్కాపురం రైతుకు కలెక్టరు కచేరీలో పని పడితే కొండ దాటి కర్నూలు రావలసిందే. సంతకు, తిరునాళ్లకు, కోర్టుకు వచ్చిపోయే మనుషుల మధ్య సంబంధాలు కుదిరాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడి మిడుతూరు దానిలోకి వచ్చింది. ఇన్ని మార్పుల తర్వాత కూడా పెళ్లి సంబంధాలు ఆ పాత కనుమల వెంటే నడుస్తున్నాయి.

నల్లమలను దాటే కనుమలు ముఖ్యంగా రెండు. దక్షిణాన ఉన్నది నందికనుమ. గిద్దలూరు వైపు నుంచి దిగువమెట్ట, పచ్చర్ల, గాజులపల్లె మీదుగా నంద్యాలకు వచ్చే దారి అది. అనంతపురం, గుంటూరులను కలిపే 544డి జాతీయ రహదారి దానిమీదుగానే పోతుంది. 19వ శతాబ్దం చివర్లో మీటర్ గేజ్ రైలు కూడా ఆ వైపు నుంచే కొండ దాటింది. దొరబావి వంతెన, బొగద సొరంగం ఆనాటివే. బ్రాడ్ గేజ్ వేసేటప్పుడు రైలుకు వేరే దారి తీశారు. ఉత్తరాన ఉన్నది దోర్నాల, ఆత్మకూరుల మధ్య కనుమ. పాత జిల్లా గ్రంథాల్లో దీన్ని మంత్రాలకనుమ అన్నారు. ఇప్పుడు అది కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా దోర్నాల చేరే 340సి జాతీయ రహదారి. మార్కాపురం వైపు నుంచి మిడుతూరు వచ్చేవారికి దగ్గరి దారి ఇదే.

ఈ ప్రయాణానికి వేళను నిర్ణయించేది పురుడు. బిడ్డ పుట్టిన కబురు అందగానే కొందరు ఆసుపత్రికే వెళ్లి చూసివస్తారు. చాలా ఇళ్లలో పదకొండో రోజు పురిటి స్నానం అయ్యాకో, ఇరవై ఒకటో రోజు బిడ్డను ఊయలలో వేసి పేరు పెట్టేటప్పుడో వెళతారు. మొలతాడు, వెండి మురుగులు, మెత్తటి నూలు బట్టలు, బాలింతకు చీర తీసుకెళ్లడం మామూలు. తండ్రి తరఫువారు వచ్చారంటే ఇంట్లో పెద్ద సందడి. కాని నెలలోపు బిడ్డను అందరూ ఎత్తుకోవడం మంచిది కాదు. బయటి నుంచి వచ్చినవారు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తాకాలి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు దూరం నుంచే చూడాలి. బిడ్డ ముఖానికి ముఖం ఆనించి ముద్దు పెట్టకూడదు. పురిటి గదిలోకి ఎక్కువమందిని రానివ్వని పాత కట్టుబాటుకు, ఇప్పటి వైద్యులు చెప్పే జాగ్రత్తకు ఫలితం ఒక్కటే.

బిడ్డ, తల్లి అక్కడే ఉండిపోతారు. మూడో నెలలోనో, ఐదో నెలలోనో మంచిరోజు చూసి సారెతో అత్తింటికి పంపుతారు. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు మిగతావి పడాలి. ఐదో నెల వరకు పుట్టింట్లో ఉంటే ఇవన్నీ ఒకేచోట, ఒకే ఆరోగ్య కేంద్రంలో పూర్తవుతాయి. మధ్యలో వచ్చే బిడ్డకైతే టీకాల కార్డు తప్పక వెంట తేవాలి. కాబట్టి తొలి చూపు అయ్యాక జరిగే తిరుగు ప్రయాణం పెద్దవాళ్లది మాత్రమే. అరవై ఏళ్లు దాటిన కళ్లకు, మోకాళ్లకు తగినట్టుగా దాన్ని అమర్చుకోవాలి.

దోర్నాల నుంచి ఆత్మకూరుకు దూరం రమారమి 60 కిలోమీటర్లు. ఇందులో ఎక్కువ భాగం దట్టమైన అడవి. రాత్రివేళ ఈ దారిలో వాహనాలను అటవీశాఖ ఆపుతుంది. వన్యప్రాణులు రోడ్డు దాటే సమయం అదే కావడం అందుకు కారణం. చీకటి పడ్డాక చెక్‌పోస్టు దగ్గర చిక్కుకోకుండా ఉండాలంటే మధ్యాహ్న భోజనం కాగానే మార్కాపురం వదలడం మేలు. అడవిలో పెట్రోలు బంకు ఉండదు, ఫోను చాలాచోట్ల పలకదు. ఇంధనం, మంచినీళ్లు, వేళకు వేసుకోవలసిన మందులు దోర్నాలలోనే చూసుకోవాలి. మలుపులకు కడుపులో తిప్పే వారు భోజనం తేలికగా చేసి, ముందు సీట్లో కూర్చుని, దూరంగా కనిపించే దారి మీద చూపు నిలిపితే చాలావరకు సర్దుకుంటుంది.

దోర్నాల, మార్కాపురం పక్కన నేలలో పలకరాయి పొరలు ఉన్నాయి. మార్కాపురం పలకలు ఒకప్పుడు తెలుగునాట బళ్లన్నిటికీ వెళ్లాయి. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాక ఆ పని తగ్గి, అదే రాయి గోడలకు, నేలకు పరిచే అలంకరణ రాయిగా విదేశాలకు పోతోంది. భూగర్భ శాస్త్రంలో ఈ పొరలకు కంభం పేరు ఉంది. వీటితోపాటు కొండలో ఉండే గట్టి రాయి క్వార్ట్‌జైట్. దానికి బైరేనికొండ పేరు పెట్టారు. ఈ రెండు రాళ్ల వరసకు కలిపి నల్లమల శ్రేణి అని పేరు. భారత భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. ఇక్కడి రాళ్ల వరసల మీద తర్వాత జరిగిన పరిశోధనకు అది పునాది.

దారి ఎందుకు ఒక్కసారిగా ఎక్కి ఒక్కసారిగా దిగదో ఈ రాళ్లే చెబుతాయి. వంద కోట్ల ఏళ్లకు పూర్వం ఇక్కడ లోతు తక్కువైన సముద్రం ఉండేది. దాని అడుగున పేరిన ఇసుక క్వార్ట్‌జైట్‌గా, బురద పలకరాయిగా గట్టిపడ్డాయి. తర్వాత భూమి లోపలి ఒత్తిడికి ఆ పొరలు మడతలు పడ్డాయి. మెత్తని పలకరాయి వానకు అరిగి లోయ అయింది. గట్టి క్వార్ట్‌జైట్ నిలిచి గట్టు అయింది. అందుకే నల్లమలలో ఉత్తర దక్షిణాలుగా గట్టు, లోయ, మళ్లీ గట్టు వరసగా వస్తాయి. తూర్పు నుంచి పడమరకు పోయే దారి వాటిని అడ్డంగా కోస్తుంది కాబట్టి పలుమార్లు ఎక్కి దిగుతుంది. రోడ్డు కోసం తొలిచిన చోట పొరలు ఏటవాలుగా ఒరిగి ఉండడం బండిలోంచే కనిపిస్తుంది. కొన్ని బండల మీద ఇసుకలో నీరు తీర్చిన అలల గీతలు కూడా ఉంటాయి. నల్లమల సగటు ఎత్తు 500 మీటర్ల పైచిలుకు. శిఖరాల్లో ముఖ్యమైనవి బైరేనికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం. ఇవి రెండూ ఈ దారికి దక్షిణంగా ఉంటాయి.

అడవి అందం నెలను బట్టి మారుతుంది. ఇది ఆకు రాల్చే అడవి. నల్లమద్ది, ఏగిస, చిరుమాను, టేకు, తునికి, ఇప్ప, నేరేడు, ఉసిరి, వెదురు ఇక్కడి ముఖ్యమైన చెట్లు. మాఘ ఫాల్గుణాల్లో ఆకులు రాలి, మోదుగ ఎర్రగా పూస్తుంది. అప్పుడు చెట్ల మధ్య చూపు దూరం పోతుంది, జంతువు కనిపించే అవకాశం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో కొండ ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆర్పని చుట్టముక్క, వంటకు వేసిన పొయ్యి పెద్ద కార్చిచ్చుకు కారణమయ్యే కాలం కూడా అదే. అందుకే దారి పక్కన పొయ్యి వెలిగించడాన్ని నిషేధించారు. తొలకరి పడ్డ రెండు వారాలకు అంతా పచ్చబడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాగులు పారతాయి, మేఘం గట్టుమీదికి దిగుతుంది. చూడడానికి అదే మంచి కాలం. నడపడానికి అదే కష్టకాలం. వానకు నానిన పలకరాయి జారి రోడ్డు మీద పడుతుంది. పొగమంచులో ఎదుటి బండి దగ్గరికి వస్తే గాని తెలియదు. ఇటు నవంబరు నుంచి జనవరి వరకు గాలి తేటగా, ఎండ మెత్తగా ఉంటుంది. పెద్దవాళ్ల ప్రయాణానికి ఆ మూడు నెలలు అనువైనవి.

ఈ దారి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిని 1983లో పులుల పరిరక్షణ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఉత్తరాన తెలంగాణలో ఉన్న భాగం ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. మిగిలిన భాగమే దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో పెద్దది. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కణితి, దుప్పి, మనుబోతు, అడవిపంది ఇక్కడి జంతువులు. పగటిపూట పోయే బండికి సాధారణంగా కనిపించేవి కోతులు, కొండముచ్చులు, నెమళ్లు, అప్పుడప్పుడు దుప్పులు. కోతులకు పండో, బిస్కత్తో విసరడం దయ అనిపిస్తుంది. దానివల్ల అవి అడవిలో మేత వెతకడం మాని రోడ్డు పక్కనే కాచుకుంటాయి. చక్రాల కింద పడి చచ్చేవి ఎక్కువగా అలాంటివే. వాటిని పట్టడానికి చిరుత కూడా రోడ్డు దరికి వస్తుంది. అడవి నడుమ బండి ఆపడం, దిగడం, మేత పెట్టడం నిషేధించింది అందుకే.

రోళ్లపెంట, బైర్లూటి ఈ దారిలో చెక్‌పోస్టులు, చిన్న గూడేలు ఉన్న తావులు. ఇక్కడివారు చెంచులు. వేట, దుంపలు తవ్వడం, తేనె తీయడం మీద బతికిన తెగ ఇది. కేంద్ర ప్రభుత్వం వీరిని ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాల్లో చేర్చింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ కృష్ణకు ఉత్తరాన ఉన్న చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. వీరి సంక్షేమం చూసే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కేంద్రం శ్రీశైలం. చెంచులు సేకరించే తేనె, కుంకుడుకాయలు, చింతపండు, బంకను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటుంది. అటవీశాఖ కాపలా శిబిరాల్లో పులి అడుగు గుర్తుపట్టేవారు చాలామంది చెంచులే.

నల్లమల తేనె కొనకుండా ఈ దారి దాటేవారు తక్కువ. మనవడు పుట్టిన ఇంటివారు దాన్ని బిడ్డ నాలుకకు రాయడానికని కూడా కొంటారు. అది చేయకూడని పని. తేనెలో బోట్యులిజం కలిగించే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగులు వాటిని ఎదగనివ్వవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మలబద్ధకం, ఏడుపు సన్నగిల్లడం, పాలు లాగలేకపోవడం, మెడ నిలపలేకపోవడం ఆ జబ్బు లక్షణాలు. కాచినంత మాత్రాన ఆ బీజాలు చావవు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేదు. ఏడాది దాటేవరకు తేనె వద్దు. సీసా మిడుతూరు ఇంటి పెద్దలకు, మజ్జిగన్నం తర్వాత ఒక చెంచాకు, సరిపోతుంది.

కొండదారిలో బండి నడపడానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. పల్లం కదా అని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. మలుపు రాకముందే వేగం తగ్గించాలి, మలుపులో ముందు బండిని దాటకూడదు. ఇరుకు తావులో రెండు బండ్లు ఎదురుపడితే దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఈ మాట ఉంది. కారణం తేలికే. ఎత్తులో ఆగిన లారీని మళ్లీ కదిలించడం కష్టం. ఈ దారిలో గుంటూరు వైపు నుంచి వచ్చే సరుకు లారీలు ఎక్కువ. మధ్యాహ్నం తర్వాత పడమరకు పోయే బండికి పొద్దు ఎదురుగా కొడుతుంది. చెట్ల నీడలోంచి ఒక్కసారిగా ఎండలోకి వచ్చినప్పుడు పెద్దవయసు కళ్లు సర్దుకోవడానికి క్షణాలు పడతాయి. అద్దం తుడిచి ఉంచడం, వేగం తగ్గించడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

బండ్ల దారికన్నా పాతది కాలిదారి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం చేరి, అక్కడి నుంచి శ్రీశైలం వెళ్లే అడవిబాట ఇప్పటికీ నడుస్తోంది. ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేలాదిగా ఈ బాటన వస్తారు. భ్రమరాంబను వారు తమ ఆడపడుచుగా భావించి పుట్టింటి సారె తెస్తారు. శ్రీశైలం కొండకు మెట్లు కట్టించినవాడు 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. నాగలూటిలో వీరభద్రుని గుడి ఉంది. ఫాల్గుణంలో ప్రయాణించే బండి ఆత్మకూరు చుట్టుపక్కల ఈ పాదయాత్రికులను చూసుకుని నెమ్మదిగా పోవాలి.

బైర్లూటి దాటాక కొండ ముగిసి మైదానం మొదలవుతుంది. నీళ్ల నడక కూడా ఇక్కడ తేటగా తెలుస్తుంది. నల్లమల తూర్పు వాలున గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువును నింపి సముద్రం వైపు పోతుంది. పడమటి వాలున భవనాశి ఆత్మకూరు వైపు దిగి, సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. దానికి కాస్త దక్షిణాన వెలుగోడు దగ్గరి గాలేరు మాత్రం కుందూ ద్వారా పెన్నకు చేరుతుంది. ఒకే కొండ మీద పడిన వాన ఇలా మూడు వేర్వేరు నదుల గుండా బంగాళాఖాతానికి పోతుంది.

ఆత్మకూరు నుంచి నందికొట్కూరు వైపు పోయే దారి కాలువల నాడు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు దగ్గర నీరు తీసుకుని, బానకచర్ల దాకా 16 కిలోమీటర్ల పొడవున పోయే కుడి ప్రధాన కాలువ ఇక్కడిదే. బానకచర్ల దగ్గర అది చీలి, ఒక పాయ తెలుగుగంగగా వెలుగోడు జలాశయానికి, మరొకటి శ్రీశైలం కుడిగట్టు కాలువగా బనగానపల్లె వైపు, ఇంకొకటి నిప్పులవాగులోకి పోతాయి. చెన్నై నగరం తాగే కృష్ణనీరు నల్లమల పడమటి అంచున ఇలా మొదలవుతుంది. వీటికన్నా వందేళ్లు ముందుది కర్నూలు కడప కాలువ, అందరి నోట కేసీ కెనాల్. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట కట్టి, పడవలు నడిపే ఉద్దేశం కూడా పెట్టుకుని దీన్ని తవ్వించింది. లాభం రాక కంపెనీ చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఈ కాలువ నీటికోసం మిడుతూరు మండలంలో అలగనూరు జలాశయం కట్టారు.

నందికొట్కూరు మీదుగా మిడుతూరు మండలంలోకి వచ్చేసరికి దృశ్యం పూర్తిగా మారుతుంది. చెట్టు తక్కువ, చూపు ఎక్కువ. నల్లరేగడిలో శనగ, జొన్న, పత్తి. ఎర్రనేల మీద గడ్డి బీళ్లు. ఈ మండలంలోని రోళ్లపాడు దగ్గర 614 హెక్టార్ల బీడును 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. నిలబడితే మీటరు ఎత్తు, మగపక్షి 15 కిలోల దాకా బరువు. ఎగిరే పక్షుల్లో బాగా బరువైన వాటిలో ఇదొకటి. గూడు కట్టదు. నేల మీద సాధారణంగా ఒకే గుడ్డు పెట్టి, ఇంచుమించు నాలుగు వారాలు పొదుగుతుంది. ఏడాదికి ఒక్క పిల్లతో పెరగవలసిన జాతి కాబట్టి ఒక్క గుడ్డు చెడినా నష్టం పెద్దది. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఇక్కడ ఉండి దీన్ని పరిశీలించారు. కాలువనీరు అందడంతో పైర్లు మారడం, బీళ్లు సాగులోకి రావడం, కుక్కలు, నక్కలు గుడ్లు తినడం వల్ల దాని సంఖ్య పడిపోయింది. 2011లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ పక్షిని తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. రోళ్లపాడులో ఇప్పుడు కంటికి ఆనేవి ఎక్కువగా కృష్ణజింకలు. ఒకే పూట ప్రయాణంలో పులి అడవి నుంచి జింక బీడు దాకా రాగలగడం ఈ దారి ప్రత్యేకత.

ఐదో నెలలో ఇదే దారిన బిడ్డ వచ్చేటప్పుడు పెద్దల ప్రయాణానికి చాలిన ఏర్పాటు చాలదు. పొద్దున్నే చల్లటి వేళ బయలుదేరాలి. బిడ్డను ముందు సీట్లో ఒడిలో పెట్టుకోకూడదు. గట్టి బ్రేకు పడితే ఎంత బలమైన చేతులూ పట్టి ఆపలేవు. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా బిగించిన పసిపిల్లల సీటు వాడాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, తగిన రక్షణ సీటు గాని తప్పనిసరి చేసింది. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అడవి నడుమ ఆగడానికి వీలుండదు కాబట్టి దోర్నాలలో ఒకసారి, ఆత్మకూరులో ఒకసారి ఆగి పాలు పట్టించాలి. పాలు తాగిన వెంటనే పడుకోబెట్టక, భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా ఆగి బయలుదేరితే మలుపుల్లో కక్కుకోదు. వాన ముమ్మరంగా ఉంటే ప్రయాణాన్ని మరో మంచిరోజుకు వాయిదా వేయాలి.